సర్పంచ్‌కు పెంపు, సఫాయికి బకాయి: కోతల కాలంలో గౌరవ వేతనాల లెక్క

క్లుప్తంగా

స్థానిక ప్రజాప్రతినిధుల గౌరవ వేతనం పెంచితే ఖజానాపై పడే భారం చాలా స్వల్పం. అయినా కోతల ఏడాదిలో ఆ పెంపు ప్రతిసారీ వివాదమవుతుంది. పెంపును ఎవరు నిర్ణయించారు, ఎప్పటి నుంచి అమలు చేశారు, అదే ఖజానా మీద ఆధారపడిన చిరుద్యోగులకు అప్పటికి డబ్బు అందిందా అనే మూడు ప్రశ్నల దగ్గరే ఆ వివాదం పుడుతుంది. తెలంగాణలో 2020 నాటి కోత, 2021 నాటి పెంపు ఆధారంగా, మరికొన్ని దేశాల అనుభవంతో పోల్చి ఈ మూడింటినీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదిహేను నెలల్లో కోత, పెంపు

దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలై వారం తిరగకముందే, 2020 మార్చి 30న, తెలంగాణ ప్రభుత్వం జీతాల్లో కోత ప్రకటించింది. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, కార్పొరేషన్ల చైర్మన్లు, స్థానిక సంస్థల ప్రతినిధులు అందరికీ 75 శాతం, అఖిల భారత సర్వీసుల అధికారులకు 60 శాతం, మిగతా ఉద్యోగులకు 50 శాతం, నాలుగో తరగతి ఉద్యోగులకు 10 శాతం కోత పడింది. పై మెట్టు మీద ఉన్నవారికి ఎక్కువ, కింది మెట్టు మీద ఉన్నవారికి తక్కువ అన్న సూత్రం చూడటానికి న్యాయంగానే ఉంది.

అయితే ఆ పై మెట్టు మీద ముఖ్యమంత్రితో పాటు సర్పంచ్‌ను కూడా నిలబెట్టారు. అప్పటికి ఎమ్మెల్యేకు నెలకు అన్నీ కలిపి 2.5 లక్షల రూపాయలు వచ్చేవి. 75 శాతం పోగా ఆయన చేతికి 62,500 రూపాయలు మిగులుతాయి. సర్పంచ్ గౌరవ వేతనం 5,000 రూపాయలు. అదే లెక్కన ఉత్తర్వు ప్రకారం మిగిలేది 1,250 రూపాయలు. శాతం ఒకటే అయినా ఒకరి ఇంట్లో పొదుపు తగ్గింది, మరొకరి ఇంట్లో నెల సరుకులు తగ్గాయి. పదవి పేరును బట్టి కాకుండా చేతికందే మొత్తాన్ని బట్టి కోత వేసి ఉంటే సర్పంచ్, వార్డు కౌన్సిలర్ వంటివారు నాలుగో తరగతి ఉద్యోగుల సరసన, పది శాతం వరుసలో ఉండేవారు.

ఏడాది గడిచాక కథ తిరగబడింది. 2021 మార్చి 22న శాసనసభలో ఉద్యోగులకు 30 శాతం ఫిట్‌మెంట్ (వేతన సవరణలో ఇచ్చే పెంపు) ప్రకటించారు. వేతన సవరణ సంఘం సిఫారసు చేసింది ఏడున్నర శాతమే. జూన్ నాటికి అదే 30 శాతాన్ని స్థానిక ప్రతినిధులకూ వర్తింపజేస్తూ ఉత్తర్వులు వచ్చాయి. సర్పంచులు, ఎంపీటీసీల గౌరవ వేతనం 5,000 నుంచి 6,500 రూపాయలకు, జడ్పీటీసీలు, ఎంపీపీలది 10,000 నుంచి 13,000 రూపాయలకు పెరిగింది. కరోనా రెండో ఉద్ధృతి ఇంకా తగ్గుముఖం పడుతున్న రోజులవి. ఆదాయం పడిపోయి పనులన్నీ నెమ్మదించిన వేళ ప్రజాప్రతినిధులకు పెంపు అవసరమా అనే ప్రశ్న రావడం సహజం. ఆ ప్రశ్నకు జవాబు వెతికే ముందు పెరిగిన ఆ 1,500 రూపాయల విలువ ఎంతో చూడాలి.

ఎన్ని రోజుల కూలి?

గౌరవ వేతనం జీతం కాదు. ఉద్యోగికి ఉండే కరువు భత్యం, ఇంటి అద్దె, ఏటా ఇంక్రిమెంటు, పింఛను దీనికి ఉండవు. ధరలు పెరిగినకొద్దీ దానంతట అది పెరగదు. ఎప్పుడో ఒకసారి ప్రభుత్వానికి మనసైనప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది, తర్వాత ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోతుంది.

తెలంగాణలో 2015 మార్చికి ముందు సర్పంచ్‌కు పంచాయతీ స్థాయిని బట్టి 1,000 లేదా 1,500 రూపాయలు వచ్చేవి. ఎంపీటీసీకి 750 రూపాయలు. ఆ నెలలో ప్రకటించిన పెంపుతో ఈ రెండూ 5,000 అయ్యాయి. అదే ప్రకటనలో జడ్పీ చైర్‌పర్సన్‌కు 7,500 నుంచి ఏకంగా లక్ష రూపాయలకు పెంచారు. ఒకే వ్యవస్థలో అడుగు మెట్టుకూ పై మెట్టుకూ మధ్య ఇరవై రెట్ల తేడా అలా ఏర్పడింది.

ధరల సూచీతో లెక్కించడం కంటే పల్లెలో అందరికీ తెలిసిన కొలతతో కొలిస్తే సంగతి తేటగా కనిపిస్తుంది. ఉపాధి హామీ దినకూలి తెలుగు రాష్ట్రాల్లో 2015-16లో 180 రూపాయలు. సర్పంచ్‌కు వచ్చే 5,000 అప్పుడు దాదాపు 28 రోజుల కూలితో సమానం. 2021-22లో దినకూలి 245 రూపాయలు. పెంచాక వచ్చిన 6,500 కూడా 27 రోజుల కూలికి చేరలేదు. అంటే 30 శాతం పెంపు అని పత్రికల్లో వచ్చినది, కూలి లెక్కన చూస్తే, ఆరేళ్ల కిందటి స్థాయిని కూడా అందుకోలేదు. 2025-26లో దినకూలి 307 రూపాయలకు చేరింది కాబట్టి ఆ లెక్కన అదే 6,500 కేవలం 21 రోజుల కూలి. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచ్ గౌరవ వేతనం 3,000 రూపాయలు. అది పది రోజుల కూలికి కూడా సరిపోదు.

కాబట్టి పెంపు అన్న ప్రతిదీ పెంపు కాదు. ఎక్కువ సందర్భాల్లో అది తరిగిపోయిన విలువను కొంత పూడ్చడమే. కోతల కాలంలో గౌరవ వేతనాన్ని కదపకుండా ఉంచినా ధరలు దాన్ని కోస్తూనే ఉంటాయి.

నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

పార్లమెంటు సభ్యుల జీతాలను రాజ్యాంగంలోని 106వ అధికరణ ప్రకారం పార్లమెంటే చట్టం ద్వారా నిర్ణయించుకుంటుంది. శాసనసభ్యుల జీతాలను 195వ అధికరణ ప్రకారం శాసనసభే నిర్ణయించుకుంటుంది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన తొమ్మిదో భాగంలో సభ్యుల వేతనం గురించి ఒక్క మాట కూడా లేదు. దాన్ని రాష్ట్ర చట్టాలకు, వాటి కింద వెలువడే ఉత్తర్వులకు వదిలేశారు. ఫలితంగా సర్పంచ్ తన గౌరవ వేతనం మీద తాను ఓటు వేయడు. గ్రామసభ కూడా వేయదు. హైదరాబాద్ నుంచో అమరావతి నుంచో జీవో వస్తుంది, అంతే.

స్థానిక ప్రతినిధులు పెంపు తీసుకోవచ్చా అన్న చర్చలో ఈ తేడాను తరచూ మరిచిపోతారు. తన జీతం తానే పెంచుకున్నవాడి బాధ్యత వేరు, ఎవరో పెంచి ఇచ్చినది అందుకున్నవాడి బాధ్యత వేరు. తెలంగాణ శాసనసభ 2016 మార్చిలో సభ్యుల నెల జీతభత్యాలను 95,000 నుంచి 2.5 లక్షల రూపాయలకు పెంచుతూ చట్టం చేసింది. ఒక్కొక్కరికి నెలకు 1.55 లక్షల చొప్పున, ఉభయ సభల్లోని సుమారు 160 మందికి ఏడాదికి దాదాపు 30 కోట్ల రూపాయల అదనపు భారం. 2021లో సుమారు 12,750 మంది సర్పంచులకు నెలకు 1,500 చొప్పున పెంచితే ఏడాదికి పడిన అదనపు భారం దాదాపు 23 కోట్లు. నూటఅరవై మందికి అయిన ఖర్చు పన్నెండు వేల పైచిలుకు మందికి అయిన ఖర్చు కంటే ఎక్కువ. 2021-22 రాష్ట్ర బడ్జెట్ 2,30,826 కోట్ల రూపాయలు. అందులో ఆ 23 కోట్లు పదివేలలో ఒక వంతు.

డబ్బు పరంగా చూస్తే, సర్పంచుల పెంపును ఆపినంత మాత్రాన ఏ బడ్జెట్ లోటూ పూడదు. కోతల కాలంలో ప్రజాప్రతినిధుల వేతనం ప్రధానంగా ఒక సంకేతం. ఆ సంకేతం ఎవరికి, ఏ పరిస్థితిలో చేరుతోందన్నది వేరే సంగతి, దాని బరువు కోట్లలో కొలిచేది కాదు.

ట్రెజరీ దగ్గర ఆగే చెక్కు

రాష్ట్ర బడ్జెట్‌లో కనిపించని భారం పంచాయతీలో కనిపిస్తుంది. లెక్క కోసం రెండు వేల జనాభా ఉన్న తెలంగాణ గ్రామాన్ని తీసుకుందాం. అయిదువందల మందికి ఒకరి చొప్పున అక్కడ నలుగురు మల్టీపర్పస్ కార్మికులు ఉంటారు. తెల్లవారుజామున మురుగు కాలువలు తీసేదీ, ట్రాక్టర్ మీద చెత్త సేకరించేదీ, నల్లా నీళ్లు వదిలేదీ, వీధి దీపాలు వేసేదీ వాళ్లే. 2021 నాటికి ఒక్కొక్కరికి నెలకు 8,500 రూపాయలు. నలుగురికీ కలిపి 34,000. దానికి తోడు ట్రాక్టర్ వాయిదా, డీజిల్, కరెంటు బిల్లు, బ్లీచింగ్ పౌడర్, నర్సరీ, బోరు మోటారు కాలిపోతే మరమ్మతు.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం చేయాలి. సంతకాలయ్యాక ఆ చెక్కు బ్యాంకుకు నేరుగా పోదు, సబ్ ట్రెజరీకి పోతుంది. పంచాయతీ ఖాతాలో డబ్బు ఉన్నట్టు కనిపించినా రాష్ట్రం నగదు కొరతలో ఉన్నప్పుడు చెల్లింపులను పైనుంచి ఆపుతారు. బిల్లు ‘పెండింగ్’ అవుతుంది. ఈ ఆపడాన్ని ఎవరూ కోత అని పిలవరు, ఏ బడ్జెట్ పుస్తకంలోనూ అది తగ్గింపుగా నమోదు కాదు. కానీ పల్లెలో అసలైన కోత అదే. బడ్జెట్‌లో అంకె అలాగే ఉంటుంది, చేతికి మాత్రం రాదు.

ఆ ఆగిపోయే వరుసలో మొదట ఇరుక్కునేది కార్మికుల జీతం, చిన్న కాంట్రాక్టు పనుల బిల్లులు. తెలంగాణలో పంచాయతీ కార్మికులు 2023 జులైలో సమ్మెకు దిగారు. 2024 జనవరి 31తో పదవీకాలం ముగిసిన సర్పంచుల్లో చాలామంది సొంత డబ్బుతో, అప్పులతో చేయించిన వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), డంపింగ్ యార్డులు, సీసీ రోడ్ల బిల్లులు రాలేదని రోడ్డెక్కారు. అదే వ్యవస్థలో కార్మికుడికి బకాయి ఉంది, సర్పంచ్‌కు బకాయి ఉంది, పెంపు జీవో మాత్రం వచ్చింది. ఈ మూడూ ఒకేసారి ఉండటమే ఊళ్లో కోపానికి మూలం. నెలల తరబడి జీతం అందని కార్మికుడి కంటికి సర్పంచ్‌కు పెరిగిన 1,500 రూపాయలు తన జీతంలో ఐదో వంతు కంటే తక్కువ అన్న లెక్క కనిపించదు, వరుసలో తన వెనక ఉండాల్సినవాడు ముందుకు వెళ్లాడన్నది కనిపిస్తుంది. ఆ చూపులో తప్పేమీ లేదు. కొరత ఉన్నప్పుడు ముందు ఎవరికి ఇవ్వాలన్నదే బడ్జెట్‌లో అసలు నిర్ణయం, దాన్ని జీవో భాషలో దాచలేరు.

కోత వేరు, వాయిదా వేరు

ఆదా అని చెప్పే చర్యల్లో సగం నిజానికి ఆదా కావు. 2020 మార్చి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఉత్తర్వు ఇచ్చింది. ముఖ్యమంత్రి నుంచి స్థానిక సంస్థల ప్రతినిధుల దాకా నూటికి నూరు శాతం చెల్లింపు వాయిదా వేస్తున్నట్టు అందులో ఉంది. వినడానికి తెలంగాణ కంటే పెద్ద త్యాగం. కానీ అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచుల పదవీకాలం 2018 ఆగస్టులోనే ముగిసింది, మండల, జిల్లా పరిషత్తులు, పురపాలక సంఘాల గడువు 2019లో ముగిసింది. కాకినాడ నగరపాలక సంస్థ వంటి అరుదైన చోట తప్ప వాయిదా వేయడానికి ఎన్నికైన స్థానిక ప్రతినిధులే లేరు. 2021 ఫిబ్రవరిలో గానీ పంచాయతీ ఎన్నికలు జరగలేదు.

ఉద్యోగులు, పింఛనుదారుల విషయంలో ఆ వాయిదా కోర్టుకెక్కింది. వాయిదా వేసిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో చెల్లించాలని హైకోర్టు ఆదేశించింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించినా చెల్లించాల్సిందేనని చెప్పింది. అంటే వాయిదా వేసిన జీతం ప్రభుత్వం తీసుకున్న అప్పుతో సమానం, దానికి వడ్డీ కూడా ఉంటుంది. తెలంగాణ 2020 జూన్‌లో ప్రత్యేక ఆర్డినెన్స్ తెచ్చి, విపత్తు వేళ జీతాలు, పింఛన్లలో 50 శాతం దాకా వాయిదా వేసే అధికారాన్ని చట్టబద్ధం చేసుకుంది. ఉత్తర్వుతో మొదలుపెట్టిన కోతకు చట్టం అండ తర్వాత సమకూరింది.

హిమాచల్ ప్రదేశ్‌లో 2024 ఆగస్టులో ఆర్థిక ఇబ్బందుల మధ్య ముఖ్యమంత్రి, మంత్రులు రెండు నెలల జీతాన్ని వాయిదా వేసుకుంటున్నట్టు ప్రకటించారు. ఏడు నెలలు తిరగకముందే, 2025 మార్చిలో, అదే శాసనసభ సభ్యుల జీతాలను దాదాపు నాలుగో వంతు పెంచుతూ బిల్లు ఆమోదించింది. వాయిదా అన్నది త్యాగంలా వినిపించినా ఖాతాలో ఏమీ మిగల్చదని, ఆ తర్వాత వచ్చిన పెంపు మాత్రం శాశ్వతంగా ఉండిపోతుందని ఈ ఉదంతం చూపుతుంది.

పార్లమెంటు సభ్యుల జీతాల్లో 2020 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు వేసిన 30 శాతం కోత నిజమైన కోత. అయితే లక్ష రూపాయల జీతంలో 30 శాతం చొప్పున అందరి నుంచీ ఏడాదికి మిగిలింది 30 కోట్ల లోపే. అదే నిర్ణయంలో భాగంగా ఎంపీల నియోజకవర్గ అభివృద్ధి నిధులను రెండేళ్లపాటు నిలిపేస్తే మిగులుతుందని అంచనా వేసినది 7,900 కోట్లు. జీతం కోత వార్త అయింది, పల్లెల్లో పాఠశాల గదులు, బోర్లు, రోడ్ల మీద పడిన కోత ఆ వార్త చాటున జరిగిపోయింది.

బెల్ పట్టణంలో జరిగింది

స్థానిక ప్రతినిధుల వేతనం అదుపు తప్పితే ఎలా ఉంటుందో చెప్పడానికి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉన్న బెల్ కంటే తగిన ఉదాహరణ దొరకదు. లాస్ ఏంజెలెస్ పక్కన ముప్ఫై అయిదు వేల పైచిలుకు జనాభా ఉన్న ఆ చిన్న పట్టణంలో ఎక్కువమంది శ్రామిక కుటుంబాలవారు, వలస వచ్చినవారు. 2010 జులైలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక అక్కడి జీతాలను బయటపెట్టింది. పట్టణ పాలనాధికారి రాబర్ట్ రిజో జీతం ఏడాదికి 7,87,637 డాలర్లు. పార్ట్‌టైమ్‌గా పనిచేసే కౌన్సిల్ సభ్యుల్లో నలుగురికి ఏడాదికి లక్ష డాలర్ల దాకా ముడుతోంది. ఆర్థిక మాంద్యంతో కాలిఫోర్నియాలోని స్థానిక సంస్థలన్నీ సిబ్బందిని, సేవలను తగ్గించుకుంటున్న కాలమది.

అది ఎలా సాధ్యమైందన్నదే ఇక్కడ ముఖ్యం. కాలిఫోర్నియా చట్టం మామూలు పట్టణాల కౌన్సిలర్ల జీతానికి జనాభాను బట్టి పరిమితి పెట్టింది. సొంత నియమావళి ఉన్న పట్టణాలకు ఆ పరిమితి వర్తించదు. 2005లో బెల్‌లో ఒక ప్రత్యేక ఓటింగ్ పెట్టి పట్టణాన్ని సొంత నియమావళి కిందికి మార్చారు. ఆ ఓటింగ్‌లో పాల్గొన్నది నాలుగు వందల లోపు మంది. పరిమితి తొలగిపోయాక కౌన్సిల్ సభ్యులు తమను తామే రకరకాల బోర్డుల్లో, సంస్థల్లో సభ్యులుగా వేసుకున్నారు. ఒక్కో బోర్డుకు ఒక్కో భత్యం. ఆ బోర్డుల సమావేశాలు కొన్ని నిమిషంలో ముగిసేవని, కొన్ని అసలు జరగనే లేదని విచారణలో తేలింది. 2013లో అయిదుగురు మాజీ సభ్యులు దోషులుగా తేలారు, 2014లో రిజోకు 12 ఏళ్ల జైలుశిక్ష పడింది.

బెల్‌లో లోపించినది చట్టం కాదు, చూసే కన్ను. ప్రధాన వేతనం చిన్నదిగా ఉంచి భత్యాల రూపంలో పెంచుకోవడం, జనం రాని వేళ ఓటింగ్ పెట్టడం, లెక్కలు బయట పెట్టకపోవడం, ఈ మూడూ కలిశాయి. మన పంచాయతీలకు స్వయంగా వేతనం నిర్ణయించుకునే అధికారం లేకపోవడం స్థానిక స్వపరిపాలన దృష్టితో చూస్తే లోటే. కానీ బెల్ లాంటి ప్రమాదం నుంచి కాపాడుతున్నది కూడా అదే.

ఎప్పటి నుంచి అమలు?

తమ జీతం తాము పెంచుకునే చోట్ల చాలా ప్రజాస్వామ్యాలు ఒక సులువైన అడ్డుగోడ కట్టాయి. పెంచండి, కానీ మళ్లీ ఎన్నికలయ్యాకే తీసుకోండి అన్నది ఆ నియమం. అమెరికా రాజ్యాంగానికి చేసిన 27వ సవరణ సారాంశం ఇదే. 1789లో ప్రతిపాదించిన ఆ సవరణకు 1992లో గానీ ఆమోదం పూర్తి కాలేదు. అది అక్కడి పార్లమెంటుకే వర్తించినా, అనేక రాష్ట్రాల్లో స్థానిక సంస్థలకూ ఇలాంటి నియమాలున్నాయి. ఈ పద్ధతిలో పెంపు ఓటరు ముందుకు వస్తుంది. పెంపుకు ఓటేసినవాడు ఓడిపోతే ఫలితం అనుభవించేది మరొకడు. స్వార్థం, నిర్ణయం ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి.

షికాగోలో మరో దారి. అక్కడ కౌన్సిల్ సభ్యుల జీతం ధరల సూచీతో ముడిపడి ఏటా దానంతట అదే పెరుగుతుంది, వద్దనుకున్న సభ్యుడు గడువులోగా రాసి ఇవ్వాలి. ద్రవ్యోల్బణం ఎక్కువగా ఉన్నందున 2023కు 9.62 శాతం పెరిగి గరిష్ఠ జీతం 1,42,772 డాలర్లకు చేరింది. ఎన్నికలు దగ్గర్లో ఉండటంతో కొందరు వద్దన్నారు, ఎక్కువమంది తీసుకున్నారు. సూచీతో ముడిపెట్టడం వల్ల ప్రతిసారీ రచ్చ తప్పుతుంది గానీ, పన్నులు కట్టేవారి ఆదాయం ధరలతో సమానంగా పెరగని ఏడాదిలో ఆ యంత్రం ఆగదు. మన పార్లమెంటు సభ్యుల జీతాలనూ 2018లో ఇలాగే ధరల సూచీతో ముడిపెట్టారు. 2025 మార్చిలో వచ్చిన ప్రకటనతో జీతం లక్ష నుంచి 1.24 లక్షలకు పెరిగింది, అదీ 2023 ఏప్రిల్ నుంచి వర్తించేలా.

స్వతంత్ర సంఘానికి అప్పగిస్తే సరిపోతుందా? బ్రిటన్‌లో పార్లమెంటు సభ్యుల ఖర్చుల కుంభకోణం తర్వాత జీతాల నిర్ణయాన్ని స్వతంత్ర సంస్థకు ఇచ్చారు. ఆ సంస్థ 2015లో జీతాన్ని 67,060 పౌండ్ల నుంచి 74,000కు, అంటే పది శాతం పెంచింది. ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం అప్పుడు ఒక శాతం పరిమితి అమల్లో ఉంది. ఎవరు నిర్ణయించాలన్న చిక్కు తీరింది, ఎప్పుడు పెంచాలన్న చిక్కు అలాగే మిగిలింది. ఫ్రాన్స్‌లో మేయర్ల భత్యానికి జనాభా శ్రేణుల వారీగా జాతీయ చట్టమే పట్టిక ఇస్తుంది. 2019 చివర్లో చేసిన చట్టం అయిదు వందల లోపు జనాభా ఉన్న ఊళ్ల మేయర్లకు 50 శాతం పెంచింది, పెద్ద పట్టణాలకు ఆ పెంపు ఇవ్వలేదు. మేయర్ కోరితే తక్కువ తీసుకునే వీలూ ఉంది. పెంపును కింది మెట్టుకే పరిమితం చేయడం ఈ ఉదాహరణల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పరిస్థితికి ఎక్కువ దగ్గరగా ఉంది.

వద్దనగలిగేది ఎవరు?

కోతల కాలంలో ప్రతినిధి స్వచ్ఛందంగా పెంపును వదులుకోవాలన్న సలహా మంచిగా వినిపిస్తుంది. కానీ వదులుకునే స్తోమత అందరికీ సమానంగా ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు, వాటితో పాటు ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలకు రిజర్వేషన్లు ఉన్నాయి. రిజర్వేషన్ వల్ల పంచాయతీ కుర్చీలోకి వచ్చిన కూలి మహిళ మండల సమావేశానికి వెళ్లిన రోజు కూలి పోగొట్టుకుంటుంది, ఆటో చార్జీ సొంతంగా పెట్టుకుంటుంది, ఇంటికి వచ్చిన అధికారికి టీ నీళ్లు తానే ఇస్తుంది. పాతికెకరాల ఆసామి, కాంట్రాక్టర్ ‘నాకు గౌరవ వేతనం వద్దు, బడికి ఇచ్చేస్తున్నా’ అని ప్రకటిస్తే చప్పట్లు పడతాయి. పక్క ఊరి కూలి సర్పంచ్ ఆ మాట అనలేదు. అప్పుడు ఆమె అత్యాశపరురాలిగా కనిపిస్తుంది. త్యాగాన్ని వ్యక్తుల ఇష్టానికి వదిలేస్తే డబ్బున్నవారికి అది చవకైన ప్రచారమవుతుంది, లేనివారికి అవమానమవుతుంది.

1838లో బ్రిటన్ కార్మికులు తమ ప్రజా హక్కుల పత్రంలో పార్లమెంటు సభ్యులకు జీతం ఇవ్వాలని కోరింది ఈ కారణంతోనే. జీతం లేకపోతే చట్టసభ ఆస్తిపరులకే మిగులుతుందని వారి వాదన. ఆ కోరిక 1911లో, ఏడాదికి 400 పౌండ్లతో తీరింది. తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో అయిదు వేలకు మించి జనాభా ఉన్న గ్రామంలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి 2.5 లక్షల రూపాయలు. నెలకు 6,500 చొప్పున అయిదేళ్లకు మొత్తం వచ్చేది 3.9 లక్షలు. చట్టబద్ధమైన ఖర్చుకే అందులో దాదాపు మూడింట రెండు వంతులు పోతాయి. పదవిలోకి వచ్చాక మిగిలిన ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న ప్రతి పంచాయతీలోనూ ఉంది, దానికి గౌరవ వేతనాన్ని తక్కువగా ఉంచడం జవాబు కాదు.

అందుకే కోత వేయాల్సి వస్తే అది అందరికీ వర్తించే నియమంగా, చేతికందే మొత్తాన్ని బట్టి మెట్లు మెట్లుగా ఉండాలి. పదివేల లోపు గౌరవ వేతనానికి కోతా వద్దు, వాయిదా కూడా వద్దు. లక్ష దాటిన చోట నిజమైన కోత ఉండాలి, తర్వాత తిరిగి ఇచ్చే వాయిదా కాదు. తమ జీతం తామే నిర్ణయించుకునే సభల్లో కోతల ఏడాదిలో చేసిన పెంపు వచ్చే సభకే వర్తించాలి. ఈ మూడూ కొత్త ఆలోచనలు కావు, పై ఉదాహరణల్లో ఏదో ఒక చోట ఇప్పటికే నడుస్తున్నవే, లేదా లేకపోవడం వల్ల నష్టం జరిగినవే.

బకాయి తీరాకే పెంపు

మన పద్ధతిలో ఇంకా ఎక్కడా లేనిది ఒకటి ఉంది. అది పెంపును చెల్లింపుల వరుసతో ముడిపెట్టడం. ఒక పంచాయతీలో మల్టీపర్పస్ కార్మికుల జీతాలు బకాయి ఉన్నంతకాలం పెంచిన మొత్తం విడుదల కాకూడదని జీవోలోనే రాస్తే రెండు ఫలితాలుంటాయి. సర్పంచుల సంఘాలు తమ పెంపు కోసం అడిగేటప్పుడు కార్మికుల జీతం కోసం కూడా అడగక తప్పదు. ట్రెజరీలో చెక్కులు ఆపే అధికారికి ఒక సమూహం కాకుండా రెండు సమూహాలు ఒకేసారి లెక్క అడుగుతాయి. ఇందులో ఇబ్బంది లేకపోలేదు. బకాయికి కారణం రాష్ట్రమే అయినప్పుడు శిక్ష సర్పంచ్‌కు పడుతుంది. అందుకని నిలిపివేత కింది మెట్టుతో ఆగకూడదు. రాష్ట్రవ్యాప్తంగా పంచాయతీ కార్మికుల బకాయి ఒక పరిమితి దాటితే మంత్రులు, శాసనసభ్యుల పెంపు కూడా ఆగాలి. డబ్బు ఆపుతున్న చోట బాధ తెలియకపోతే కింద ఎంతమంది ఎదురుచూసినా వరుస కదలదు.

తెలంగాణలో దాదాపు రెండేళ్ల ప్రత్యేకాధికారుల పాలన తర్వాత 2025 డిసెంబరులో మూడు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. పాలకవర్గాలు లేని కాలంలో నిలిచిపోయిన, కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం నిధుల వెలితి, పాతవారి బకాయి బిల్లులు, కార్మికుల జీతాలు కొత్తవారి ముందున్నాయి. 16వ ఆర్థిక సంఘం సిఫారసులు 2026 ఏప్రిల్ నుంచి మొదలయ్యే కాలానికి వర్తిస్తాయి. గౌరవ వేతనం పెంచాలన్న కోరిక ఈ అయిదేళ్లలో తప్పకుండా మళ్లీ వస్తుంది, 21 రోజుల కూలికి పడిపోయిన మొత్తాన్ని చూస్తే ఆ కోరిక న్యాయమైనదే. పెంపు జీవో వచ్చిన రోజున ప్రతి పంచాయతీ నోటీసు బోర్డు మీద మరో కాగితం కూడా ఉండాలి. ఆ నెల వరకు కార్మికులకు ఎంత చెల్లించారు, ఎంత బాకీ ఉంది, ట్రెజరీలో ఏ తేదీ చెక్కు ఇంకా కదలలేదు అన్న మూడు వరుసలు దాని మీద ఉంటే చాలు.